బార్లీ తోకకు ఎర్ర రిబ్బను

ఆగస్టు 24, ఆదివారం

బడిలో ఇచ్చిన నోటుపుస్తకం వేరు. అందులో రోజుకో కొత్త మాట రాసి, ఆ మాటతో ఒక వాక్యం కట్టి, శుక్రవారం ఫెంటన్ సారుకి చూపించాలి. ఇది వేరు. దీన్ని లాయంలో ఎండుగడ్డి గది దూలం మీద దాస్తాను. అంత ఎత్తు ఎక్కేది నేనొక్కదాన్నే.

ఈరోజు మాట: అలికిడి. ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. పైకి అంటే చాలు, ఆకుల మీద ఎవరో మెల్లగా అడుగు వేసినట్టుంటుంది. కనపడనిదానికి ఇంత చక్కటి పేరు ఎవరు పెట్టారో.

పొద్దున తాతా నేనూ కౌంటీ అడవిలోకి వెళ్ళాం. తాత తన ఆడగుర్రం రూటా మీద ముందు, నేను బార్లీ మీద వెనక. వాగు మీద చెక్క వంతెన దగ్గర బార్లీ ఆగిపోయాడు. ఏడేళ్ళుగా వారం వారం దాటుతున్న వంతెన. మడమతో తట్టాను. కదిలాడు కానీ నా ఎడమ మోకాలు వంతెన పక్క కమ్మీల స్తంభానికి కొట్టుకుంది.

తాత వెనక్కి తిరిగి చూశాడు. "ఏమైంది హాల్కా?"

"గాలి తాతా. చెక్కలు కదిలాయి."

గాలి నిజంగానే ఉంది.

ఆగస్టు 26

ఎడమ వైపు అలికిడైతే బార్లీ ఉలిక్కిపడుతున్నాడు. ఈ ఏడు ఈగలు ఎక్కువ.

ఆగస్టు 30, శనివారం

సైకిళ్ళవాళ్ళది ఒక మంచి అలవాటు. గుర్రం వెనక నుంచి వచ్చేటప్పుడు ముందే కేకేస్తారు. ఈరోజు వచ్చినాయన కూడా "మీ ఎడమ పక్క నుంచి వెళ్తున్నానండీ!" అని గట్టిగానే అన్నాడు. అయినా సైకిలు పక్కకి వచ్చేసరికి బార్లీ నాలుగు కాళ్ళూ గాల్లోకి లేపాడు. నేను జూలు పట్టుకుని వేలాడాను. ఆయన సైకిలు దిగి పది సార్లు క్షమించమన్నాడు. పాపం, తప్పేమీ చెయ్యలేదు.

"వీడికి వయసు మీద పడిందా, బుద్ధి కింద పడిందా?" అన్నాడు తాత.

"ఆ సైకిలుకి మెరిసేదేదో ఉంది తాతా."

"ఉందా?"

"ఉంది."

 ఇంటికొచ్చాక తాత పియెరోగీలు, మా పోలిష్ కుడుములు, రెండు ఎక్కువ వేశాడు నా పళ్ళెంలో.

సెప్టెంబరు 1, సోమవారం, సెలవు

బార్లీని తోముతూ దగ్గరగా చూశాను. ఎడమ కంట్లో ఏదో ఉంది. దానికి మాట కోసం మధ్యాహ్నమంతా వెతికాను.

తెల్లవారుజామున వాగు మీద లేచే ఆవిరి. పాలు కలిపిన నీళ్ళు. చలికాలం కిటికీ అద్దం మీద ఊపిరి. నీలిపొగ.

నీలిపొగ బాగుంది. ఫెంటన్ సారు పుస్తకంలో కూడా రాసుకున్నాను. వాక్యం: "పొద్దున్నే నా గుర్రం కంటి మీద నీలిపొగ కమ్ముకుని ఎంతో అందంగా ఉంది."

సెప్టెంబరు 3

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మమ్మ గుర్రం డచెస్‌కి రెండు కళ్ళూ పోయాయి. అమ్మమ్మ ఎవరికీ చెప్పకుండా ఎక్కుతూనే ఉంది. ఒకరోజు ఓక్ కొమ్మ ఛాతీకి తగిలి కింద పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. తాత ఆసుపత్రి నుంచి తిన్నగా లాయానికి వచ్చి గుర్రాల్ని తీసుకెళ్ళే ట్రైలర్ తలుపు తెరిచాడు. "చూపులేని గుర్రం మీద మా ఇంటి మనిషి ఎక్కకూడదు" అన్నాడు. డచెస్ ట్రైలర్ మెట్టు ఎక్కడుందో తెలియక గిట్టతో గాలిని తడుముకుంది. నేను కంచె మీద కూర్చుని చూశాను. సాయంత్రానికి ట్రైలర్ ఖాళీగా తిరిగొచ్చింది. దాన్ని ఎక్కడికి పంపాడో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఆ మరుసటి ఏడు అమ్మమ్మ బార్లీని కొంది. మూడేళ్ళ కిందట పోయేముందు వాడి పగ్గం నా చేతిలో పెట్టి, "నీదే" అంది.

బార్లీకీ డచెస్‌కీ సంబంధం లేదు. ఊరికే గుర్తొచ్చింది, రాశాను.

సెప్టెంబరు 7

ఎడమ పక్కన నిలబడి క్యారెట్ చూపించాను. తల తిప్పలేదు. కడుపు నిండినట్టుంది.

కుడి పక్కకి వెళ్ళాను. తినేశాడు. అప్పటికి ఆకలేసింది.

సెప్టెంబరు 13, శనివారం

ఆదివారాలు కలిసి సవారీకి వెళ్ళే మా గుంపు ఈసారి శనివారమే వెళ్ళింది. ఎనిమిది గుర్రాలం. గుంపుకి ముందు తాత ఉంటాడు, వెనక మిస్ ఒడెస్సా. ఆమెకి డెబ్భై రెండేళ్ళు. నల్ల టోపీ, నల్ల గుర్రం డీకన్, నోరు మాత్రం రంగురంగులది. గుంపులో ఎవరు తప్పు చేసినా ఆమెకి వెనక నుంచి కనపడుతుంది.

పైన్ చెట్ల మలుపులో ఆమె డీకన్‌ని నా ఎడమ పక్కకి తెచ్చింది, ఏదో చెప్పడానికి. బార్లీ చటుక్కున పక్కకి తిరిగి తన వెనక భాగంతో డీకన్‌ని గుద్దాడు.

"ఏమే అమ్మాయ్! నీ గుర్రానికి మర్యాదలు నేర్పడం మానేసి పుస్తకాలు చదువుతున్నావా?"

"క్షమించండి మిస్ ఒడెస్సా. వాడికి ఈమధ్య పక్కకి ఎవరైనా వస్తే నచ్చట్లేదు."

"నచ్చట్లేదా? నాకూ చాలామంది నచ్చరు. వాళ్ళని నేనిలా నడుంతో గుద్దుతున్నానా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తాత ముందు నుంచి వెనక్కి తిరగలేదు.

వచ్చే నెల పన్నెండున ఆకుల సవారీ. అడవంతా ఎర్రబడ్డాక ఏడాదికొకసారి వెళ్ళే పెద్ద సవారీ అది. మొదలుపెట్టింది అమ్మమ్మే. ఈసారి దారి పొడవునా బార్లీ మీద వెళ్తానని మాటిచ్చాను. ఎవరికిచ్చానంటే, అమ్మమ్మకి. సమాధి దగ్గర, మనసులో.

సెప్టెంబరు 14

ఒక ఉపాయం తట్టింది. క్రిస్మస్ పెట్టెలో ఎర్ర రిబ్బను ఉంది.

సెప్టెంబరు 20, శనివారం

మా అడవిలో తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే ఒకటే అర్థం: ఈ గుర్రం తన్నుతుంది, దూరంగా ఉండండి. చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇక ఎవరూ బార్లీ వెనక నుంచి, పక్క నుంచి దగ్గరికి రారు. ఎవరూ రాకపోతే వాడు ఉలిక్కిపడడు. వాడు ఉలిక్కిపడకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

లాయం ముందు కట్టేసరికి మిస్ ఒడెస్సా టోపీ తీసి తల గోక్కుంది.

"బార్లీ తన్నుతాడా? ఈ బార్లీయేనా? ఆ మధ్య వీడి పొట్ట కింద పిల్లి ఈనితే సాయంత్రం దాకా కాలు కదపలేదు కదే!"

"ఇప్పుడు తన్నుతున్నాడు."

"ఎవరిని తన్నాడు?"

"నన్ను."

"ఎక్కడ?"

తొడ చూపించాను. ఆమె నా తొడ కేసి చూడలేదు, నా ముఖం కేసి చూసింది.

గుర్రం చెడ్డపేరు మొయ్యదు, దానికి తెలియదు కాబట్టి. అయినా సాయంత్రం రిబ్బను విప్పుతూ వాడి చెవిలో క్షమించమన్నాను. వాడు నా జేబులో క్యారెట్ ఉందేమోనని వెతుక్కున్నాడు.

సెప్టెంబరు 28

మసక. మబ్బు. తెర. పొర. మంచు. ఇలాంటివి ఇప్పటికి పందొమ్మిది కూడబెట్టాను.

అక్టోబరు 4, శనివారం

ఈగల నుంచి కళ్ళు కాపాడటానికి గుర్రాల ముఖానికి వల ముసుగు వేస్తాం. బార్లీకి రోజంతా వేసే ఉంచుతున్నాను.

"ఈగలు చచ్చి వారమైంది" అంది మిస్ ఒడెస్సా. "మొన్న రాత్రి నీళ్ళ తొట్టి మీద మంచు పేరుకుంది. ఇంకా ముసుగెందుకే?"

"ఎండకి."

ఆమె ఆకాశం వైపు చూసింది. పొద్దున్నించీ మబ్బే.

అక్టోబరు 11, శనివారం

రేపే. జీను తుడిచాను. రికాబులు మెరిసేలా రుద్దాను. తాత కాఫీ తాగుతూ నన్నే చూస్తూ కూర్చున్నాడు.

"రేపు నువ్వు రూటాని ఎక్కుతావా? బార్లీ మీద నేను వస్తాను" అన్నాడు.

"ఎందుకు?"

"ఊరికే. మార్పుగా ఉంటుందని."

"వద్దు తాతా. వాడు నా గుర్రం."

కాసేపు కప్పులోకి చూసి, "నీదే, నీదే" అన్నాడు.

తాత చెయ్యి నా భుజం మీద చాలాసేపు ఉంది. రేపు బాగా జరుగుతుంది. దారి వాడికి కంఠతా వచ్చు.

అక్టోబరు 12

రాయలేను.

అక్టోబరు 14, మంగళవారం

మోచేతికి కట్టుంది. రాయడానికి కుడి చెయ్యి బాగానే ఉంది. ఇక సాకు లేదు.

పొద్దున అంతా బాగానే జరిగింది. అడవి ఎంత ఎర్రగా ఉందంటే గుర్రాల ముఖాల మీద కూడా ఆ రంగు పడింది. రిబ్బను ఉంది కాబట్టి నేను అందరికంటే వెనక. మామూలుగా వెనక ఉండేది మిస్ ఒడెస్సా. అడవి మధ్య నుంచి పోయే పెద్ద రోడ్డు దగ్గర తలలు లెక్కపెట్టి చివరగా దాటేది ఆమే. కానీ తన్నే గుర్రం వెనక ఎవరూ నడవరు. అందుకని ఆమె నా ముందుకి వెళ్ళిపోయింది.

రోడ్డు దాటే చోట మా వాళ్ళందరికీ ఒకటే పద్ధతి. గుంపంతా ముక్కు తోకకు తగిలేంత దగ్గరగా జరగాలి. జీను మీంచి అందే ఎత్తులో సిగ్నల్ బటన్ ఉంటుంది, తాత దాన్ని ఒక్కసారి నొక్కుతాడు. బళ్ళు ఆగుతాయి. ఎనిమిది గుర్రాలూ ఒకే గుర్రంలా దాటాలి. ఒక్కటి ఇవతల మిగిలిపోతే దానికి పిచ్చెత్తుతుంది. నాకు ఆరేళ్ళప్పుడు తాత మొదట నేర్పిన పాఠమే ఇది.

ఎర్ర రిబ్బను గుర్రం దూరంగా నిలబడాలన్నది కూడా పద్ధతే. నేను దూరంగా నిలబడ్డాను. అందరూ కదిలారు. నేనూ కదిలాను. మట్టిదారి అయిపోయి తారు మొదలయ్యే చోట చిన్న గట్టుంది. బార్లీ ఆగిపోయాడు. వంతెన దగ్గర ఆగినట్టే. గిట్టతో గాలిని తడుముకున్నాడు.

అలా తడుముకునే గిట్టని నేను ఇంతకు ముందు ఒక్కసారే చూశాను. కంచె మీద కూర్చుని.

దీపం మారింది. ఏడు గుర్రాలు అవతల, మేమిద్దరం ఇవతల. బళ్ళు కదిలాయి. అన్నీ ఎడమ నుంచి. బార్లీకి చప్పుడు వినపడుతోంది, వస్తున్నది కనపడటం లేదు. గొంతు చీలిపోయేలా సకిలించాడు. అవతల నుంచి రూటా జవాబిచ్చింది. ఇక పగ్గం లేదు, నేను లేను. ఆ గొంతు వైపు దూకాడు.

లారీ కీచుమంది. తారు మీద గిట్టలు జారాయి. వాడు రెండు మోకాళ్ళ మీద పడ్డాడు, నేను వాడి మెడ మీంచి ముందుకి పడ్డాను. తల తిప్పి చూస్తే లారీ ముందు భాగం వాడి వెనక కాళ్ళకు జానెడు దూరంలో ఆగి ఉంది. ఎర్ర రిబ్బను దాని మీద ఆనుతోంది.

మిస్ ఒడెస్సా డీకన్‌ని నడిరోడ్డుకి తెచ్చి రెండు చేతులూ చాచి నిలబడింది. అన్ని బళ్ళూ ఆగిపోయాయి. లారీ నడిపేవాడు దిగి వచ్చాడు. "నాకు పచ్చ దీపమేనమ్మా, నాకు పచ్చ దీపమే" అంటున్నాడు. "అవును నాయనా, నీ తప్పేమీ లేదు" అంది ఆమె. ఆ గొంతు ఆమెదేనా అనిపించింది. అంత మెత్తగా.

తాత పరిగెత్తుకొచ్చాడు. నన్ను లేపాడు. తర్వాత బార్లీ ఎడమ కంటి ముందు చెయ్యి ఊపాడు. వాడు రెప్ప వెయ్యలేదు. మళ్ళీ ఊపాడు.

"తాతా, వాడు..."

"ఇప్పుడు కాదు."

మిస్ ఒడెస్సా తోక దగ్గరికి వెళ్ళి రిబ్బను విప్పి, చుట్ట చుట్టి నా జేబులో పెట్టింది. "తన్నే గుర్రానికి కట్టేది ఇది. తెలిసిందా?" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

అక్టోబరు 15

పశువుల డాక్టరమ్మ చిన్న దీపంతో బార్లీ రెండు కళ్ళూ చూసింది. బార్లీలా ఒంటి నిండా చుక్కలున్న గుర్రాలకి ఈ జబ్బు ఎక్కువగా వస్తుందట. ఎడమ కన్ను వేసవిలోనే పోయిందట. కుడి కంట్లో కూడా మొదలైందట. వచ్చే వేసవి దాకా ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

"నొప్పి ఉందా?" అని అడిగాను.

"ఎడమ దాంట్లో చాలా ఉండి ఉంటుంది. ఆగస్టులోనే పిలిచి ఉంటే కంట్లో వేసే చుక్కల మందుతో కొంత తగ్గేది."

పందొమ్మిది మాటలు రాశాను. రాయాల్సిన ఒక్క మాట వాటిలో లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

బార్లీ గుడ్డివాడవుతున్నాడు. వాడికి నొప్పి పుడుతుంటే నేను నీలిపొగ అని రాసుకున్నాను.

అక్టోబరు 18, శనివారం

పొద్దున తాత ట్రైలర్ తలుపు తెరిచి లోపల ఊడుస్తున్నాడు. నేను వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. లేవదలుచుకోలేదు.

"లే హాల్కా."

"లేవను. వాణ్ణి పంపించాలంటే నన్ను తొక్కుకుంటూ ఎక్కించాలి."

"ఎక్కడికి పంపిస్తాను?"

"డచెస్‌ని పంపిన చోటికి."

తాత చీపురు పక్కన పెట్టాడు. పక్కకి జరగమని సైగ చేసి నా పక్కనే కూర్చున్నాడు. తాత మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"డచెస్‌ని విస్కాన్సిన్‌లో నా పాత స్నేహితుడు స్తాషెక్ పచ్చిక బయలుకి పంపాను. మంచి గడ్డి. మంచి నీళ్ళు. మంచి కంచె. ఇంకో గుర్రం లేదు. అది కంచె వెంట గుండ్రంగా నడిచేదట, రోజంతా. నాలుగు నెలలు. తిండి మానేసిందని స్తాషెక్ ఫోన్ చేశాడు. నేను వెళ్ళలేదు. మళ్ళీ చేశాడు, అప్పటికి వెళ్ళే అవసరం లేకపోయింది."

"అమ్మమ్మకి తెలుసా?"

"తెలుసు. ఆ చలికాలం నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఒకే బల్ల మీద తిన్నాం, ఒక్క మాట లేదు."

రూటా లోపల ఎక్కడో గడ్డి నములుతోంది. 

"బార్లీ సంగతి నీకు ఎప్పుడు తెలిసింది తాతా?"

"వంతెన దగ్గర."

"ఆగస్టులోనా? మరి నన్నెందుకు అడగలేదు?"

"అడిగితే నువ్వు చెప్తావు. చెప్తే నేను ఏదో ఒకటి చెయ్యాలి." తాత తన అరచేతులు చూసుకున్నాడు. "నువ్వే రోడ్డు మీద పడేదాకా అడగలేదు. నీ గుర్రాన్ని నీకే వదిలేసి, నువ్వు చెప్తావులే అని ఎదురు చూశాను. నీకు పదహారేళ్ళు. నాకు డెబ్భై నాలుగు. ఎవరు ముందు నోరు తెరవాలి?"

నేను ఏడ్చాను. తాత జేబురుమాలు ఇచ్చాడు, అందులో గుర్రాల మందు వాసన.

"మరి ట్రైలర్ ఎందుకు ఊడుస్తున్నావు?"

"డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాలి కదే. ఆ కన్ను తీసెయ్యాలిట. నొప్పి పోతుంది. మనం ముగ్గురం వెళ్దాం, నువ్వూ నేనూ రూటా. వాడొక్కణ్ణే ట్రైలర్‌లో ఎక్కించను."

అక్టోబరు 24

తీసేశారు. రెప్పలు కలిపి కుట్టారు. మత్తు దిగాక వాడు చేసిన మొదటి పని నా జేబు వెతకడం.

అక్టోబరు 26, ఆదివారం

మిస్ ఒడెస్సా ఆపిల్ కేక్ పట్టుకుని చూడటానికొచ్చింది. కుట్లేసిన కన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బ్రోనెక్, నీ ఇంటి మగాడు నాకు కన్ను కొడుతున్నాడు. ఈ వయసులో!" అంది తాతతో.

రెండు వారాల్లో తాత నవ్వడం ఇదే మొదటిసారి.

ఆమెకి అంతా చెప్పాను. రిబ్బను గురించి, ముసుగు గురించి, చూపించిన తొడ గురించి.

"నాకు తెలియదనుకున్నావా? తొడ మీద తన్నిన గుర్రంతో ఎవరైనా అంత ముద్దుగా మాట్లాడతారా?"

"మరి మీరు కూడా అడగలేదుగా!"

ఆమె టోపీ తీసి చేత్తో పట్టుకుంది.  "అడగలేదు. అవును" అంది. తర్వాత జీను గది గోడకున్న తాడు తీసి నా చేతిలో పెట్టింది. "మిసిసిపీలో మా నాన్న గుడ్డి కంచరగాడిదతో పదేళ్ళు పొలం దున్నాడు. నోటిమాటతోనే దాన్ని నడిపి దున్నాడు. రేపటి నుంచి మొదలు. ఒక కన్ను ఉండగానే నేర్పాలి."

నవంబరు 2

కుడి కంటికి గుడ్డ కట్టి, తాడు పట్టుకుని కాలి నడకన తిప్పుతున్నాం. గట్టు వస్తే చెప్పాలి. కొమ్మ వస్తే చెప్పాలి. మిస్ ఒడెస్సా కంచె మీద కూర్చుని తిడుతుంది.

ఈరోజు నేను: "జాగ్రత్త బార్లీ, ఇదిగో చిన్న గట్టు, కాస్త పైకి, అంతే బంగారం, ఇంకాస్త ఎత్తు..."

బార్లీ తల అటూ ఇటూ ఊపి నిలబడిపోయాడు.

"వాడికి దారి చెప్తున్నావా, కథ చెప్తున్నావా?" అని కేకేసింది. "నిన్న దీన్ని మెట్టు అన్నావు. ఇవాళ గట్టంటావు. రేపు ఏమంటావు?"

"ఒక్కదానికే చాలా మాటలుంటాయి కదా మిస్ ఒడెస్సా."

"నీకుంటాయి. వాడికి ఒక్కటి చాలు. కానీ ఆ ఒక్కటీ నిజమవ్వాలి. నువ్వు మెట్టు అంటే అక్కడ మెట్టుండాలి. ఒక్కసారి లేకపోయిందా, ఇంక నువ్వేం చెప్పినా వాడు నమ్మడు."

ఇంటికొచ్చి ఏడు మాటలు ఏరాను. ఆగు. మెట్టు. దిగు. చెక్క. నీళ్ళు. కొమ్మ. రోడ్డు. ఇంత కష్టపడి ఏ వ్యాసమూ రాయలేదు.

నవంబరు 9

మెట్టు: పదిసార్లు చెప్తే తొమ్మిదిసార్లు కాలెత్తాడు. కొమ్మ అంటే తల దించుతున్నాడు. చెక్క ఇంకా రాలేదు. మొదటి చప్పుడుకే వెనక్కి లాగుతున్నాడు.

నవంబరు 15

తాత రూటా మెడకి ఇత్తడి గంట కట్టాడు. అమ్మమ్మ వంటింట్లో తలుపుకి వేలాడిన గంట. రూటా ఎక్కడుందో ఇప్పుడు బార్లీకి ఎప్పుడూ తెలుస్తుంది. రూటాకి మాత్రం అస్సలు నచ్చలేదు. రోజంతా తాత వైపు కోపంగా చూసింది.

నవంబరు 16

మధ్యాహ్నం కళ్ళు మూసుకుని లాయం ముందు నిలబడ్డాను. గంట. ఈలవేసే గాలి. ఎక్కడో కొయ్య మీద గిట్ట. తాత దగ్గు. అలికిడి అన్న మాటని మూడు నెలల కిందట అందంగా ఉందని రాసుకున్నాను. బార్లీకి అది అందం కాదు, ఇల్లు.

నవంబరు 22

చెక్క! వంతెన మీద, గుడ్డతో, తాడు పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి. గంట అవతల మోగుతూ ఉంది. నేను గంతులేస్తుంటే మిస్ ఒడెస్సా, "నువ్వు గుర్రాన్ని భయపెడుతున్నావ్" అని, తను టోపీ పైకి విసిరింది.

నవంబరు 26

ఫెంటన్ సారు నా మాటల పుస్తకం చూసి, "నవంబరులో చాలా తగ్గాయే?" అన్నారు. ఇంకో చోట వాడుతున్నానని చెప్పాను.

నీలిపొగ వాక్యం కొట్టేశాను. పక్కన "ఇది అబద్ధం" అని రాశాను. ఆయన దాన్ని చదివి, పుస్తకం తిరిగిచ్చారు.

నవంబరు 30, ఆదివారం

ప్రమాదం తర్వాత ఈరోజే మొదటిసారి జీను వేసుకుని వాడి మీద అడవిలోకి వెళ్ళాను. డాక్టరమ్మ సరేనంది. కుడి కంటితో కాస్త కనపడుతోంది, గుడ్డ కట్టలేదు. తాతా, మిస్ ఒడెస్సా, నేనూ. ఎక్కేముందు తాత నా రికాబు పొడవు తనే సరిచేశాడు, నాకు ఆరేళ్ళప్పుడు చేసినట్టు.

"భయంగా ఉందా?" అన్నాడు.

"ఉంది."

"నాకూ ఉంది. బయల్దేరదామా?"

ఎప్పుడూ ముందుండే తాత, ఈరోజు రూటాని బార్లీ ఎడమ పక్కన నడిపించాడు. రూటా భుజం సరిగ్గా బార్లీకి కన్ను లేని చోట. పైన్ చెట్ల దాకా బాగానే వెళ్ళాం. అక్కడ మొదలైంది మంచు. సన్నగా కాదు, దుప్పటి దులిపినట్టు. కాసేపట్లో దారీ గట్టూ వాగూ అన్నీ ఒకటే తెలుపు. నాకు బార్లీ చెవులు తప్ప ఏమీ కనపడలేదు.

"వెనక్కి వెళ్దాం బ్రోనెక్!" అంది మిస్ ఒడెస్సా.

"ఇంటికి దగ్గర దారి వంతెన మీంచే" అన్నాడు తాత.

వంతెన దగ్గర రూటా ఆగిపోయింది. చెక్కలు కనపడటం లేదు, కింద నీళ్ళ చప్పుడు వినపడుతోంది. ముక్కు కిందికి పెట్టి బుసకొట్టింది. తాత తట్టాడు, బతిమాలాడు, పోలిష్‌లో ఏదో అన్నాడు. ఊహూ. డీకన్ అయితే నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఇంత మనిషిని మోస్తావు, ఇంత చెక్కకి భయపడతావా?" అని మిస్ ఒడెస్సా వాడి మెడ మీద కొట్టింది. ఊహూ.

తాత నా వైపు చూశాడు. టోపీ మీద మంచు, కనుబొమల మీద మంచు. అడగాలనుకుని ఆగిపోతున్నాడని తెలిసింది.

"అడుగు తాతా" అన్నాను.

"వాడు వెళ్తాడా?"

బార్లీ చెవి ఒకటి నా వైపు తిరిగింది. నేను పగ్గం వదులు చేశాను. ఇంకే మాటా కలపలేదు.

"చెక్క."

గిట్ట ఎత్తాడు. దించాడు. కొయ్య మోగింది. ఇంకొకటి. వెనక గంట అక్కడే నిలబడి మోగుతోంది, వాడు దానికి దూరంగా, కనపడని దాని మీదికి నడుస్తున్నాడు, నా ఒక్క మాట పట్టుకుని. నడిమధ్య ఒకసారి ఆగాడు.  వాడు ఊపిరి వదిలి మళ్ళీ నడిచాడు.

"దిగు."

దిగాడు.

వాడి అడుగుల వెంట రూటా వచ్చింది, దాని వెంట డీకన్. మిస్ ఒడెస్సా దాటాక, "ఎవరికీ చెప్పకండి" అంది. "డీకన్ పరువు పోతుంది."

పెద్ద రోడ్డు దగ్గర ముగ్గురం ముక్కు తోకకు తగిలేలా దగ్గరికి జరిగాం. వెనక మిస్ ఒడెస్సా, ఎడమ పక్క తాత. తాత బటన్ నొక్కబోయి ఆగాడు. "నువ్వు నొక్కు" అన్నాడు. నొక్కాను. బళ్ళు ఆగాయి.

"రోడ్డు" అన్నాను. తర్వాత, "మెట్టు."

మెట్టు అక్కడే ఉంది.

ఈరోజు కొత్త మాటేమీ లేదు. పాతవి పనిచేశాయి.